చలిలో పిందె కట్టే టమాటా: లంబసింగి మడిలో రెండు సీజన్ల ప్రాజెక్టు డైరీ

చింతపల్లి, లంబసింగి వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత ఒక్కోసారి 5 డిగ్రీల దిగువకు పోతుంది. గడ్డి మీద మంచు గడ్డకట్టని ఏడాదిలో టమాటా మొక్క అక్కడ చావదు. ఆకు వేస్తుంది, పూత కూడా నిండుగానే వస్తుంది. పిందె మాత్రం కట్టదు. పూకాడ మధ్యలో ఉండే గణుపు దగ్గర తెగి, పువ్వు పువ్వుగా రాలిపోతుంది. ఆ చలిలో కూడా పిందె కట్టి, విత్తనం నిలబడే వరసను (తరతరానికీ అదే గుణం చూపే విత్తన వంశాన్ని) ఎంపిక చేయడమే ఇక్కడి పని. ఎవరైనా ఇదే పని మొదలుపెడితే ఎక్కడ కాలం, మొక్కలు వృథా కాకుండా చూసుకోవచ్చో తెలియాలని కొలతలతో సహా రాస్తున్నాను.

తల్లిదండ్రుల ఎంపిక

తల్లి పీకేఎం-1. తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన రకం. మన దగ్గర విత్తనం తేలిగ్గా దొరుకుతుంది. తండ్రి పూసా శీతల్, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన రకం. రాత్రి ఉష్ణోగ్రత 8 డిగ్రీలకు దిగినా పిందె కట్టడం దీని ప్రత్యేకత. అదే సంస్థ రకం పూసా సదాబహార్ రాత్రి 6 నుంచి 30 డిగ్రీల దాకా కాస్తుంది. దాని విత్తనం సమయానికి అందలేదు.

అడవి టమాటాల్లో ఇంతకన్నా గట్టివి ఉన్నాయి. పెరూ, ఈక్వడార్ ఆండీస్ కొండల్లో పెరిగే సొలానమ్ హాబ్రోకైటిస్ వేళ్ళు చల్లబడినా ఆకు వాడనివ్వదు. ఆ గుణాన్ని మోసే ముఖ్యమైన భాగం దాని 9వ క్రోమోజోమ్ మీద ఉంది, ఎస్‌టీఎం9 అంటారు. విత్తనం అమెరికాలో డేవిస్‌లోని సి.ఎం. రిక్ టమాటా జన్యు వనరుల కేంద్రంలో ఉంది. కానీ 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా టమాటా విత్తనం దేశంలోకి తేకూడదు. పరిశోధన కోసం తెప్పించే విత్తనం జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ (ఎన్‌బీపీజీఆర్) ద్వారానే రావాలి. కవరులో పెట్టి పంపమని బంధువులను అడిగే వాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి, విత్తనంతో పాటు వైరస్ కూడా దిగుతుంది. నేను దేశంలో దొరికే రకాలతోనే ఆగాను.

సంకరం చేసి, ఎఫ్1 (మొదటి తరం) మొక్కల నుంచి ఎఫ్2 (రెండో తరం) విత్తనం తీశాక మొదలైన డైరీ ఇది. ఎఫ్2లో ఎన్ని మొక్కలు పెంచాలో ముందే లెక్క వేసుకోవాలి. కావలసిన గుణం ఒకే అంతర్గత జన్యువు (రెండు ప్రతులూ ఉంటేనే బయటపడేది) వల్ల వస్తే నాలుగింట ఒక మొక్కలో కనబడుతుంది. ఒక్కటైనా చేతికి చిక్కుతుందని 99 శాతం నమ్మకం కావాలంటే 17 మొక్కలు చాలు. రెండు జన్యువులైతే 72, మూడైతే 293 మొక్కలు కావాలి. నా మడిలో పట్టేది నూరు. అంటే రెండు జన్యువుల దాకా వెతకగలను, మూడోదానికి అదృష్టం కూడా తోడవ్వాలి.

మొదటి దశ: చలి పెట్టె

పాత సింగిల్ డోర్ ఫ్రిజ్, ఎస్‌టీసీ-1000 ఉష్ణోగ్రత కంట్రోలర్, నాలుగు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్లు, వాటి అంకెలు నమోదు చేయడానికి ఒక ఈఎస్‌పీ32 బోర్డు. కంట్రోలర్‌ను 11 డిగ్రీలకు పెడితే పై అరలో 8.4, అడుగున కూరగాయల డబ్బాలో 13.1 నమోదైంది. దాదాపు 5 డిగ్రీల తేడా. ఈ పెట్టెలో విత్తనం పరీక్షిస్తే ఏ గింజ చలిని ఓర్చిందో తెలియదు, ఏ గింజ కింది అరలో కూర్చుందో మాత్రమే తెలుస్తుంది. మార్చినవి:

1. కంప్యూటర్ నుంచి తీసిన 12 వోల్టుల ఫ్యాన్ లోపల పెట్టి, 24 గంటలూ తిప్పాను.
2. ఖాళీగా ఉన్న చోటల్లా నీళ్ళు నింపిన సీసాలు సర్దాను. కంట్రోలర్ సెన్సర్‌ను గాలిలో వేలాడదీయకుండా ఒక సీసా నీళ్ళలో ముంచాను.
3. కంప్రెసర్ ఆగి మళ్ళీ మొదలవడానికి కనీస విరామం 5 నిమిషాలు పెట్టాను. లేకపోతే కంప్రెసర్ త్వరగా కాలిపోతుంది.
4. నాలుగు సెన్సర్లనూ నలగ్గొట్టిన ఐసు, నీళ్ళ ముద్దలో ఉంచాను. అన్నీ 0 చూపాలి. ఒకటి 0.9 చూపింది. ఆ తేడాను ప్రోగ్రాములోనే తీసేశాను.

ఇవన్నీ అయ్యాక పై అరకూ కింది అరకూ తేడా 0.6 డిగ్రీలు. అయినా పళ్ళేలను రోజూ అర మార్చి పెట్టాను.

రెండో దశ: చలిలో మొలక

టమాటా గింజ 25 డిగ్రీల దగ్గర 6 రోజుల్లో మొలుస్తుంది. 15 డిగ్రీల దగ్గర రెండు వారాలు, 10 డిగ్రీల దగ్గర ఆరు వారాలు. మొదట 10 దగ్గరే పెట్టి చూశాను. అన్ని రోజులు తడి కాగితం మీద ఉంటే మొలక కన్నా ముందు బూజు వస్తోంది. అందుకే 11కు మార్చి, గింజలను 1 శాతం సోడియం హైపోక్లోరైటులో 10 నిమిషాలు ఉంచి, మూడుసార్లు కడిగి, వారానికోసారి కాగితం మార్చాను. వేరు 2 మిల్లీమీటర్లు బయటికి వస్తేనే మొలకగా లెక్క.

30 రోజులకు 400 ఎఫ్2 గింజల లెక్క ఇది: మొలిచినవి 214, బూజు తినేసినవి 38, కదలనివి 148. ఆ కదలని 148ని పారేయకుండా 25 డిగ్రీల్లోకి మార్చాను. వారంలో 121 మొలిచాయి. అంటే అవి చచ్చిన గింజలు కావు, చలిలో ఆగిపోయినవి. ఈ చివరి అడుగు వదిలేస్తే మొలకశక్తి లేని గింజ, చలికి ఆగిన గింజ ఒకే ఖాతాలో పడిపోతాయి.

తొందరగా మొలిచిన వాటిలో మొదటి 60ని "ముందువి" అన్నాను. చలిలో మొలవక, వెచ్చదనంలో మొలిచిన వాటిలో 60ని "వెనకవి"గా ఉంచుకున్నాను. ఎంపిక పనిలో ఉన్నవాళ్ళు సాధారణంగా వెనకవాటిని ఉంచుకోరు. ఉంచుకోవడానికి కారణం ఉంది. టమాటా మీద పరిశోధకుడు మాజిద్ ఫూలాద్ బృందం చేసిన పనిలో, చలిలో మొలకెత్తే గుణానికీ, మొలిచాక చలిలో పెరిగే గుణానికీ సంబంధం కనబడలేదు. అది నా మడిలో కూడా నిజమైతే, మొలక దగ్గరే సగం జన్యువులను బయటికి నెట్టేయడం వృథా.

ఇప్పటికి లెక్క: 400 గింజల నుంచి 120 మొలకలు (ముందువి 60, వెనకవి 60).

మూడో దశ: నారు, ఆకు పరీక్ష

98 గుంటల ప్రోట్రేల్లో (నారు పెంచే ట్రేల్లో) కోకోపీట్ (కొబ్బరి పొట్టు). నారుకుళ్ళుకు 11 మొక్కలు పోయాయి, ముందువి 4, వెనకవి 7. చల్లగా ఉన్నప్పుడు కోకోపీట్ ఆరదు. రోజూ నీళ్ళు పోయడం మాని, ట్రేను ఎత్తి చూసి, తేలిగ్గా అనిపించినప్పుడే పోయడం మొదలుపెట్టాక తెగులు ఆగింది.

చలి దెబ్బ మొదట తగిలేది కణం చుట్టూ ఉండే పొరకు. పొరలోని కొవ్వు బిగుసుకుపోయి, లోపలి లవణాలు బయటికి కారతాయి. ఎంత కారిందో నీటి విద్యుత్ వాహకతతో కొలవచ్చు. పద్ధతి:

1. నారును 4 డిగ్రీల్లో మూడు రాత్రులు ఉంచాలి.
2. కాగితాలకు రంధ్రం చేసే పంచ్‌తో ఒక్కో మొక్క ఆకు నుంచి 10 బిళ్ళలు తీయాలి.
3. 20 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 4 గంటలు ఉంచి, ఈసీ (విద్యుత్ వాహకత) మీటరుతో కొలవాలి.
4. అదే గొట్టాన్ని మరిగే నీళ్ళలో 15 నిమిషాలు ఉంచి, చల్లారాక మళ్ళీ కొలవాలి.
5. మొదటి అంకెను రెండో అంకెతో భాగించి, 100తో గుణించాలి.

మొదటి విడతలో అన్ని మొక్కలూ 70 శాతం పైనే వచ్చాయి, చలి తగలని మొక్క కూడా. పంచ్ కోసిన అంచు నుంచే లవణాలు కారుతున్నాయి. బిళ్ళలను కొలతకు ముందు మూడుసార్లు, ఒక్కోసారి 10 నిమిషాలు, డిస్టిల్డ్ వాటర్‌లో కడగడం మొదలుపెట్టాక చలి తగలని మొక్కలు 10 శాతం చుట్టూ స్థిరపడ్డాయి. బ్యాటరీ దుకాణంలో అమ్మే నీళ్ళు కూడా సీసాకొక రకంగా ఉంటాయి. ప్రతి సీసానూ ముందు కొలిచి, 5 మైక్రోసీమెన్లు దాటితే పక్కన పెట్టాను.

సరిచేసిన పద్ధతిలో పీకేఎం-1 సగటు 41 శాతం, పూసా శీతల్ 27. ఎఫ్2లో ముందువి 31, వెనకవి 33. కానీ ఒక్కో గుంపు లోపల 14 నుంచి 58 దాకా పరుచుకుని ఉన్నాయి. గుంపుల మధ్య 2 అంకెల తేడాను పట్టించుకోనక్కర్లేదు. మొలకలో ముందున్నవి ఆకు పరీక్షలో ముందు లేవు.

50 శాతం దాటిన 9 మొక్కలను మాత్రమే తీసేశాను. ఇప్పటికి లెక్క: 100 మొక్కలు (ముందువి 52, వెనకవి 48).

ఇక్కడ ఒక మాట. చలి తట్టుకునే జన్యువు అనగానే అందరూ చెప్పేది సీబీఎఫ్. ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ మొక్కలో చలి తగలగానే సీబీఎఫ్ జన్యువులు మేల్కొని, వందకు పైగా ఇతర జన్యువులను నడిపిస్తాయి. అందుకే క్యాబేజీ కుటుంబం చలికి అలవాటు పడుతుంది. టమాటాలో కూడా సీబీఎఫ్ జన్యువులు మూడు పక్కపక్కనే ఉన్నాయి, కానీ చలికి స్పందించేది అందులో ఒక్కటే, అది నడిపించే జన్యువులు కూడా తక్కువ. అరబిడాప్సిస్ సీబీఎఫ్1ను టమాటాలోకి ఎక్కించినప్పుడు చలిని బాగానే తట్టుకుంది, మొక్క మాత్రం గిడసబారింది. జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోను పిచికారీ చేస్తే ఎదుగుదల తిరిగి వచ్చింది. ఒక్క జన్యువుతో పని అయిపోతుందని ఆశించే వాళ్ళు ఆ గిడసబారిన మొక్కను గుర్తుంచుకోవాలి. పొలంలో మనకు కావలసింది బతికిన మొక్క కాదు, కాసిన మొక్క.

నాలుగో దశ: పూత

అక్టోబరు మొదట్లో నాటాను. నవంబరు మధ్య నుంచి పూత. అందరూ తొందరగా దాటేసే దశ ఇదే, నా కాలమంతా పట్టింది కూడా ఇదే.

మడిలో ఉష్ణోగ్రత సెన్సర్ మొదట్లో నీడ లేకుండా కర్రకు కట్టి ఉంది. పగలు గాలి కన్నా 6 డిగ్రీలు ఎక్కువ, నిర్మలమైన రాత్రి ఒకటిన్నర తక్కువ చూపింది. తెల్ల ప్లాస్టిక్ పళ్ళేలు బోర్లించి, మధ్యలో సందు వదిలి, మొదటి గుత్తి ఎత్తులో 45 సెంటీమీటర్ల దగ్గర కట్టాక అంకెలు నిలకడగా వచ్చాయి.

ప్రతి పువ్వుకూ విచ్చుకున్న వారాన్ని బట్టి రంగు దారం కట్టాను. పిందె సెంటీమీటరు దాటితేనే కట్టినట్టు. చలిలో పుప్పొడి కేసరాల గొట్టం నుంచి సరిగ్గా రాలదు. పుప్పొడి చచ్చిందా, రాలలేదా అన్న తికమక లేకుండా పొద్దున పది దాటాక ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌ను ప్రతి గుత్తి కాడకూ ఆనించి కదిలించాను. అన్ని మొక్కలకూ ఒకేలా.

పిందె శాతాన్ని పువ్వు విచ్చుకున్న రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతతో పోల్చితే ఏ వరసా కనబడలేదు. మడి చూసుకునే అక్క ఒకరోజు రాలిన పూలు ఏరుతూ, "మబ్బేసిన వారంలో విచ్చిన పూలే ఎక్కువ రాలాయి బాబూ, చలి వారంలోవి కాదు" అంది. దారాల రంగులు చూస్తే ఆమె చెప్పినదే నిజం. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, మబ్బు కమ్మి, రాత్రులు 14 డిగ్రీల మీదే ఉన్న వారం అది. ఆ పూలు ఎందుకు రాలాలి? జవాబు పుప్పొడి తయారయ్యే సమయంలో ఉంది. చలికి అన్నిటికన్నా సున్నితమైనది విచ్చిన పువ్వు కాదు, పుప్పొడి రేణువులు అప్పుడే విడిపడుతున్న చిన్న మొగ్గ. అది పువ్వు విచ్చడానికి వారం పది రోజుల ముందు. మబ్బు వారంలో విచ్చిన పూలు అంతకు ముందరి 6 డిగ్రీల రాత్రుల్లో మొగ్గలుగా ఉన్నాయి. కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టికను పది రోజులు వెనక్కి జరిపి పోల్చగానే వరస కుదిరింది. ఆ తరువాత ప్రతి పువ్వుకూ మొగ్గ నాటి రాత్రినే లెక్కలోకి తీసుకున్నాను.

పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద కూడా చూశాను. పుప్పొడిని మొలిపించే బ్రూబేకర్, క్వాక్ ద్రావణం: 100 మిల్లీలీటర్ల నీటిలో చక్కెర 10 గ్రాములు, బోరిక్ ఆమ్లం 10 మిల్లీగ్రాములు, కాల్షియం నైట్రేట్ 30, మెగ్నీషియం సల్ఫేట్ 20, పొటాషియం నైట్రేట్ 10. నగల త్రాసు మీద 10 మిల్లీగ్రాములు నమ్మకంగా తూగవు. అందుకని ఒక్కోదాన్ని నూరు రెట్లు చిక్కగా విడివిడి సీసాల్లో కలిపి, ఒక్కో మిల్లీలీటరు వాడాను. బోరిక్ ఆమ్లమైతే 100 మిల్లీలీటర్లకు 1 గ్రాము. నాలుగూ ఒకే సీసాలో చిక్కగా కలిపితే కాల్షియం సల్ఫేట్ తెల్లగా అడుగున పేరుకుంటుంది. ఎరువుల దుకాణపు కాల్షియం నైట్రేట్‌లో అమ్మోనియం కూడా ఉంటుంది. ప్రయోగశాల రకమే కొనండి.

12 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే పీకేఎం-1 పుప్పొడిలో గొట్టం వేసినవి చాలా కొద్ది, పూసా శీతల్‌లో చెప్పుకోదగినన్ని. అడవి టమాటా, సాగు టమాటా పుప్పొడి కలిపి చల్లని గదిలో పూలకు అద్దితే, అడవి రకం పుప్పొడి వెచ్చని గదిలో కన్నా ఎక్కువ అండాలను చేరుకుంటుందని 1981లోనే పరిశోధకులు జామిర్, ట్యాంక్స్‌లీ, జోన్స్ చూపించారు. చలిని ఓర్చే గుణంలో కొంత పుప్పొడి రేణువులోనే పనిచేస్తోందని దాని అర్థం. అంటే చలి రాత్రుల్లో పరాగసంపర్కం జరిగితే, ఎంపిక చేసే పనిలో కొంత పుప్పొడే చేసిపెడుతుంది.

సీజను ముగిసేసరికి లెక్క:

- ఎఫ్2, 100 మొక్కలు: పూలు 2140, పిందెలు 471, 22 శాతం.
- పీకేఎం-1, 10 మొక్కలు: పూలు 230, పిందెలు 21, 9 శాతం.
- పూసా శీతల్, 10 మొక్కలు: పూలు 212, పిందెలు 87, 41 శాతం.
- ఎఫ్2లో 40 శాతం దాటిన మొక్కలు 9. ముందువాటి నుంచి 5, వెనకవాటి నుంచి 4.

ఈ చివరి లెక్క కోసమే వెనకవాటిని ఉంచుకున్నది. చలిలో ఒక్క గింజ కూడా కదలని గుంపు నుంచి తొమ్మిదిలో నాలుగు మంచి మొక్కలు వచ్చాయి. మొలక దగ్గరే ఎంపిక చేసి ఉంటే ఆ నాలుగూ పోయేవి. మొలక, ఆకు, పుప్పొడి: మూడింటికీ ఎంపిక మూడుచోట్ల విడిగా జరగాలి. విత్తనాల సంచి మీద "చలిని తట్టుకుంటుంది" అని రాసి ఉంటే, ఏ దశలో అని అడగండి.

ఐదో దశ: విత్తనం లేని పళ్ళు

తొమ్మిది మొక్కల పళ్ళూ కోస్తే రెండింటిలో గింజలు లేవు. పండుకు సున్నా నుంచి 5. మిగిలిన ఏడింటిలో 35 నుంచి 70. ఆ రెండూ పుప్పొడి పని చేయకుండానే పిందె కట్టినవి. ఇలాంటి గుణం కొత్తది కాదు. సోవియట్ రకం సెవెర్యానిన్‌లో పాట్-2 అనే అంతర్గత జన్యువు ఈ పని చేస్తుంది. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో జేమ్స్ బాగెట్ దాన్ని వాడి ఒరెగాన్ స్ప్రింగ్ లాంటి రకాలు తీశాడు. చలిలో గింజ లేకుండా, వెచ్చగా ఉంటే గింజతో కాయడం వాటి పద్ధతి. నా రెండు మొక్కల్లో ఉన్నది పాట్-2 ఒక్కటే అయితే నూటికి 25 మొక్కలు ఇలా ఉండాలి. చలిలో బాగా కాసిన తొమ్మిదింటిని మాత్రమే కోశాను కాబట్టి సరైన శాతం చెప్పలేను, కానీ 25 మొక్కలుంటే పిందె శాతాల పట్టికలోనే ఒక గుంపుగా తేలేవి. తేలలేదు.

తినేవాడికి గింజ లేని పండు మంచిదే. రకం తీసేవాడికి అక్కడితో దారి మూసుకుపోతుంది. తెరవడానికి చేసినది:

1. ఆ రెండు మొక్కల చంక పిలకలు 12 సెంటీమీటర్ల పొడవున తుంచాను.
2. తడి కోకోపీట్‌లో వేళ్ళు వచ్చేదాకా నీడలో ఉంచాను.
3. జనవరి చివర ఘాట్ దింపి, నర్సీపట్నం వైపు ఒక పెరట్లో నాటాను. అక్కడ రాత్రులు వెచ్చన.
4. మార్చిలో కాసిన పళ్ళలో గింజలు 40 దాకా వచ్చాయి.

జన్యువులు అవే, రాత్రులు మారాయి, గింజ వచ్చింది. ఆ విత్తనాన్ని వేరే సంచిలో, వేరే పేరుతో దాచాను.

ఆరో దశ: ఎఫ్3, నిజంగా గుణమేనా

ఎఫ్2లో ఒక్కో మొక్కా ఒక్కటే. బాగా కాసిందంటే జన్యువు వల్ల కావచ్చు, గట్టు పక్కన వెచ్చగా ఉన్న చోటు వల్ల కావచ్చు. తేల్చేది పిల్లలే. గింజలున్న ఏడు మొక్కల నుంచి ఏడు కుటుంబాలు, కుటుంబానికి 14 మొక్కలు, మొత్తం 98. ఒక కుటుంబాన్నంతా ఒకే సాలులో నాటకుండా, చీటీలు తీసి మడంతా చెదరగొట్టాను. మధ్యలో పీకేఎం-1 మొక్కలు.

రెండో సీజను పిందె శాతం, కుటుంబాల వారీగా: 44, 42, 41, 27, 26, 24, 20. సగటు 32.

ఏడు తల్లిమొక్కల సగటు 46, ఎఫ్2 మొత్తం సగటు 22. ఎంపికలో ఎక్కిన మెట్టు 24. పిల్లల సగటు 32, అంటే నిలిచింది 10. కానీ రెండో ఏడు పీకేఎం-1 కూడా 9 నుంచి 11కు పెరిగింది. చలి కొంచెం తగ్గిన ఏడు అది. ఆ 2 తీసేస్తే నిలిచింది 8. 24లో 8, మూడో వంతు. కనబడిన తేడాలో మూడో వంతే తరువాతి తరానికి దిగింది, మిగతాది చోటు, వాతావరణం. ఒక్క మొక్కను చూసి రకం దొరికిందని ప్రకటించే వాళ్ళకు చూపించాల్సిన అంకె ఇది.

నాలుగు కుటుంబాలు దాదాపు ఎఫ్2 సగటుకే జారిపోయాయి. మూడు మాత్రం నిలిచాయి, అందులో ఒకటి (44 శాతంది) వెనకవాటి నుంచి వచ్చింది. దాని పళ్ళ అడుగున చలికి వచ్చే వంకర మచ్చ ఎక్కువగా ఉంది. పిందె కట్టడం ఒక గుణం, నున్నగా పెరగడం మరొకటి. వచ్చే సీజనులో ఈ లెక్క కూడా విడిగా రాయాలి.

ఇప్పటికి మొత్తం లెక్క: 400 గింజలు, 120 మొలకలు, 100 ఎఫ్2 మొక్కలు, 9 ఎంపికలు, 7 కుటుంబాలు, నిలిచినవి 3. విడిగా, గింజ లేని గుణం ఉన్న వరసలు 2.

వచ్చే సీజను పని మూడు భాగాలు. నిలిచిన మూడు కుటుంబాల్లో ఒక్కోదాని నుంచి 30 ఎఫ్4 మొక్కలు. 44 శాతం వరసకూ 41 శాతం వరసకూ మధ్య సంకరం, పరాగసంపర్కం డిసెంబరు చలి రోజుల్లోనే, పుప్పొడి రెండు చెట్లదీ కలిపి. గింజ లేని వరసలను పీకేఎం-1తో కలిపి, ఎఫ్2లో ఈసారి ప్రతి మొక్క పండునూ కోసి గింజలు లెక్కపెట్టడం. అప్పుడు 4లో 1 వస్తుందో, 16లో 1 వస్తుందో చూసి ఎన్ని జన్యువులో చెప్పవచ్చు. చలి పెట్టెలో మొలక పరీక్ష ఈసారి ఎంపిక కోసం పెట్టను. ఎంపికైన వరసలకు ఆ గుణం ఎంత ఉందో కొలిచి రాసుకోవడానికి మాత్రమే, వరసకు 50 గింజలు.